విద్యుత్ కారు వెనుక బ్రేకులో గరగర శబ్దం: డిస్కులు మార్చాల్సిందేనా?

ప్రశ్న:
నమస్కారం. మేము విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటున్నాము. మూడేళ్ల మా విద్యుత్ కారు 28 వేల కిలోమీటర్లు తిరిగింది. వారం రోజులుగా బ్రేకు నొక్కినప్పుడల్లా వెనుక ఎడమ చక్రం దగ్గర ఇనుముతో ఇనుము రాసినట్టు శబ్దం వస్తోంది. సర్వీసు వారు చక్రం విప్పకుండానే నాలుగు బ్రేకు డిస్కులూ (చక్రంతోపాటు తిరిగే లోహపు పళ్లేలు) మార్చాలంటున్నారు. అది అవసరమేనా?

జవాబు 1:
విప్పి చూడకుండా ఒప్పుకోకండి. విద్యుత్ కారులో వేగాన్ని ఎక్కువగా మోటారే రీజెన్ (వేగాన్ని తిరిగి విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపడం) ద్వారా తగ్గిస్తుంది కనుక, డిస్కును రెండు వైపులా ఒత్తి పట్టే ప్యాడ్లకు పని తక్కువ. ఉప్పుగాలికి డిస్కు మీద పట్టిన తుప్పును ప్యాడ్లు గీకకపోవడంతో అది పేరుకుపోతుంది, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) అటూ ఇటూ జరగడానికి ఉండే స్లయిడ్ పిన్నులు కూడా బిగుసుకుపోతాయి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చండి. డిస్కు కనీస మందం సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది, కొలిపించండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నొక్కే ముందు ఆ బ్రేకును సర్వీస్ మోడ్‌లో (మరమ్మతు కోసం ఉండే అమరికలో) పెట్టడం తప్పనిసరి.

జవాబు 2:
డిస్కు వెనుక రేకులో చిన్న రాయి ఇరుక్కున్నా ఇదే శబ్దం వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మరో మెకానిక్ చేత విప్పించాను. లోపలి ప్యాడ్ లోహం వరకు అరిగిపోగా, బయటిది దాదాపు కొత్తదిలా ఉంది. కింది పిన్ను తుప్పుతో కదలనే లేదు. పిన్నులు శుభ్రం చేయించి, బ్రేకు గ్రీజు పెట్టించి, వెనుక రెండు వైపులా ప్యాడ్లు, గాడిపడిన ఆ డిస్కుతోపాటు దాని జతను మార్పించాను. ముందు డిస్కులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు వారానికోసారి, వెనుక వాహనాలు లేనప్పుడు, డిస్కుల మీది తుప్పు పోయేలా రీజెన్ తగ్గించి గట్టిగా బ్రేకు వేస్తున్నాను.