పాత కెనెడీ టూల్ చెస్ట్: అసలు రంగు ఉంచాలా, గీకించేయాలా?

గరాజ్‌బాబు (ఒహాయో): ఎస్టేట్ సేల్‌లో (పోయినవారి ఇంటి సామాన్ల అమ్మకంలో) చక్రాల కెనెడీ పనిముట్ల క్యాబినెట్ దొరికింది. గోధుమరంగు ముడతల పెయింట్ (కావాలనే ముడతలు వచ్చేలా వేసిన రంగు). కింద తుప్పు, రెండు చక్రాలు తిరగట్లేదు. కారు పనికి రోజూ వాడాలి. మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడికి కరిగించి పట్టించే పూత) వేయించనా?

ముడతపెయింట్: వద్దు తమ్ముడూ. 1911 నుంచి మీ ఒహాయోలోని వాన్ వర్ట్‌లోనే ఉన్న కంపెనీ అది. మెషినిస్టులు (లేతుల మీద లోహం కోసేవాళ్ళు) ఆ ముడతలు చూసే గుర్తుపడతారు. మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ థిన్నర్ లాంటిది) జిడ్డు తుడువు, తుప్పున్న చోటే రుద్దు, పేస్ట్ వ్యాక్స్ పుయ్యి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లోకే వస్తుంది.

రెండోషిఫ్ట్: రంగు తర్వాత, ముందు చక్రాలు చూడు. గరాజ్ నేల ఎప్పుడూ సమంగా ఉండదు, ఒక చక్రం గాల్లో ఉంటుంది. బరువు మూడింటి మీదే లెక్కెయ్యాలి. పనిముట్లతో కలిపి 900 పౌండ్లు తూగితే ఒక్కో చక్రం కనీసం 300 మొయ్యాలి.

ముడతపెయింట్: చక్రాలు ఎవరైనా మారుస్తారు, రంగు పోతే రాదు. నా పెట్టెను ఒక షాపుకిచ్చాను. సొరుగులు రేకు మీద రేకు జారే రకం, బేరింగులు లేవు. పట్టాల మీద టేపు వెయ్యమని చెప్పినా వినకుండా కోటింగ్ కొట్టేశారు. ఆ పూత మందానికి ఒక్క సొరుగూ కదల్లేదు. డబ్బూ తిరిగివ్వలేదు, ఫోనూ ఎత్తలేదు.

రెండోషిఫ్ట్: అది ఆ షాపు తప్పు. కోటింగ్‌ది కాదు.

కొత్తగావచ్చా: వెనిగర్‌లో నానబెడితే తుప్పు పోదా?

రెండోషిఫ్ట్: పోతుంది. జింకు పూత ఉన్న స్క్రూలు మాత్రం వెయ్యకు, పూతా పోతుంది.

ముడతపెయింట్: మళ్ళీ రంగేసిన పెట్టెకి పాత వస్తువులు సేకరించేవాళ్ళు అసలు రంగున్నదాని ధర ఇవ్వరు.

రెండోషిఫ్ట్: ఇప్పుడు బయటపడ్డారు! అతను వాడుకుంటానంటే మీరు అమ్మకం ధర చెబుతున్నారు. నేను మెషిన్ షాపులో పనిచేస్తాను, నా పనిముట్లు నేనే కొనుక్కోవాలి. మంచి పాత పెట్టె కనపడగానే మీలాంటి శనివారం మెకానిక్‌లు ఎగరేసుకుపోయి షోకేసులో పెడుతున్నారు.

ముడతపెయింట్: నేను ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు. మీ షాపుల్లో పెద్దవాళ్ళు రిటైరైతే వాళ్ళ పెట్టెలు పాత ఇనుముకి పోతున్నాయండీ. సొరుగు అంచున రంగు అరిగిన చోట ఆ మనిషి చెయ్యి కనపడుతుంది. అది గీకేస్తే ఇక మిగిలేది రేకు డబ్బా.

రెండోషిఫ్ట్: రేకు డబ్బానే. నా డబ్బా అంచు కూడా అరిగింది, ఎవరూ ఫోటో తియ్యలేదు. పోయినవాడి చేతి గుర్తు మీద ఉన్న ప్రేమ ఇప్పుడు పనిచేసేవాడి మీద లేదు మీకు.

గరాజ్‌బాబు: అన్నలూ, ఆగండి. పెట్టె తిరగేశాను. అడుగు పలకకి చిల్లులు పడ్డాయి, సరిగ్గా చక్రాల బోల్టుల దగ్గరే.

రెండోషిఫ్ట్: అయితే 1/8 అంగుళం ఉక్కు పలక కోయించి లోపల్నించి వేసి బోల్టులు బిగించు. వెల్డింగ్ చేస్తే చుట్టూ రంగు కాలుతుంది, ఆయనకి మళ్ళీ కోపం.

ముడతపెయింట్: బోల్టులే మంచిది. రంగు సంగతి మాత్రం నేను వదల్లేదు.