‘బస్తా’ అంటే ఎన్ని కిలోలు? మాట అర్థం కాకపోవడం ఇంగ్లీషు తప్పా, రాసేవాళ్ల తప్పా?

వడి వేగం (చర్చ పెట్టినవారు):
కోనసీమలో బడి పాఠమైనా, కాలువ నోటీసైనా, ఎరువుల సిఫారసైనా అర్థం కాలేదంటే ఒకటే మాట వినబడుతుందండి: ‘ఇంగ్లీషు తీసేసి తెలుగులో పెట్టండి’. తెలుగులో పెట్టినా తేడా పడుతూనే ఉంటుందని నా వాదన.

ఫిజిక్సే చూడండి. పుస్తకంలో ‘వడి’కి దిశ లేదు, ‘వేగం’కి ఉంది. బజార్లో ‘బస్సు మంచి వేగం మీద ఉంది’ అంటే పుస్తకం లెక్కన అది వడి. గుండ్రటి దారిలో ఒకే వడితో తిరిగే వస్తువు వేగం మారుతుందా అని అడిగితే పిల్లలు ‘మారదు’ అని రాసేది అందుకే. దిశ క్షణక్షణం మారుతోంది కాబట్టి వేగమూ మారుతుంది. ‘సామర్థ్యం’ మరీ ఇబ్బంది. మోటారు సామర్థ్యం 5 హెచ్‌పీ అంటే పని జరిగే రేటు. ట్యాంకు సామర్థ్యం 500 లీటర్లు అంటే పట్టే నీళ్లు. పంపు సామర్థ్యం 60 శాతం అన్నచోట నిజానికి ‘దక్షత’ అనాలి. ఒక్క మాట మూడు కొలువులు చేస్తోంది. ఇందులో ఇంగ్లీషు ఎక్కడుంది?

ఏటిగట్టు:
మాస్టారూ, ఇంగ్లీషు లేదు, ఒప్పుకుంటాను. తెలుగు మాత్రం ఎక్కడుంది? ఇంగ్లీషు ముక్క పీకి సంస్కృతం ముక్క అతికిస్తే తెలుగు చేసినట్టు కాదండి. గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది దీని మీదేగా. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ఇప్పటికీ నోటీసు ‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా’ అని ఎత్తుకుని ‘తగు చర్యలు తీసుకోబడును’ అని దింపుతారు. తీసుకునేది ఎవరు? ఇంట్లో ఎవరైనా ‘అన్నం వండబడింది’ అంటారా? ఆ ‘బడు’ మన నోటిది కాదు.

ఇంకోటి. ‘మేము చూసుకుంటాం’ అంటే నీకు పని లేదని, ‘మనం చూసుకుందాం’ అంటే నువ్వూ రావాలని. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. కంపెనీ మెయిలు ఇంగ్లీషులో వచ్చి, దాన్ని ‘మేము’ అని ఒకడు, ‘మనం’ అని ఇంకొకడు చదువుకుంటే పని ఎవరి నెత్తిన పడిందో తేలదు. వాడుక తెలుగులో రాస్తే ఈ గొడవలు సగం పోతాయి.

కాటా:
ఆయ్, వాడుక మాటల దగ్గరికే వద్దామండి. చెరువుల మీద ‘కౌంటు’ అందరి నోటా ఉండే మాట. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 100 కౌంటు అంటే రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20 గ్రాములు. కొత్తగా చేరిన కుర్రాడు ‘కౌంటు పెరిగింది’ అని ఫోన్లో చెబితే యజమాని సైజు తగ్గిందనుకుని కంగారు పడతాడు. కుర్రాడి ఉద్దేశం రొయ్య ఎదిగిందని. ‘కిలోకి 80 ఉండేవి, ఇప్పుడు 60’ అంటే గొడవే లేదు.

‘సున్నం కొట్టండి’ కూడా అంతే. ఏ సున్నం? డోలమైటు, వ్యవసాయ సున్నం మెల్లగా పనిచేస్తాయి. కాల్చిన సున్నం పీహెచ్‌ని ఒక్కసారిగా లేపుతుంది. పిల్ల ఉన్న చెరువులో పీహెచ్ ముందే 8.5 దగ్గర ఉంటే, దాని మీద కాల్చిన సున్నం పడితే అమ్మోనియా విషరూపంలోకి మారే వాటా పెరుగుతుంది. సలహాలో సరుకు పేరు, ఎకరాకు కిలోలు, ఆపూట పీహెచ్ ఎంత ఉంటేనే వేయాలి, ఈ మూడూ లేకపోతే అది సలహా కాదు, గాలిలో దీపం.

ఇక ‘బస్తా’. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు, కొనుగోలు కేంద్రం గోనెలో 40, యూరియా 45, డీఏపీ 50, రొయ్యల మేత 25. ‘ఎకరాకు 35 బస్తాలు’ అంటే 75 లెక్కన 26 క్వింటాళ్లు దాటుతుంది, 40 లెక్కన 14. ఏటిగట్టు గారూ, బస్తా కంటే వాడుక మాట ఇంకేం కావాలి?

నారుమడి:
ఎరువుల్లో ఇదే తంతు. ‘ఎకరాకు 24 కిలోల భాస్వరం’ అని సిఫారసు ఉందనుకోండి. అది పోషకం లెక్క, సంచి లెక్క కాదు. డీఏపీలో 46 శాతమే కాబట్టి 24 కిలోలకు సుమారు 52 కిలోల డీఏపీ పడుతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అయితే 16 శాతం, 150 కిలోలు వేయాలి. చదివినవాళ్లు 24 కిలోల డీఏపీ తెచ్చి చల్లితే 11 కిలోలే అందుతుంది. పైగా ఆ 52 కిలోలతో 9 కిలోల పైచిలుకు నత్రజని కూడా వెళ్తుంది, యూరియా లెక్కలోంచి అది తీసేయాలని ఎవరూ రాయరు.

మందు పిచికారీలో ఇంకా పెద్ద పొరపాటు. వరిలో అగ్గితెగులుకు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి లీటరుకు 0.6 గ్రాములు అంటారు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు అన్న మాట రెండో వాక్యంలో ఉంటుంది, వాట్సాప్‌లో తిరిగేసరికి ఆ వాక్యం రాలిపోతుంది. 16 లీటర్ల ట్యాంకుకు 9.6 గ్రాములు కలిపి, ఆరు ట్యాంకులతో ఎకరం ముగిస్తే పడింది 58 గ్రాములు. పడాల్సింది 120. ‘ఎకరాకు 120 గ్రాములు, 200 లీటర్ల నీళ్లలో’ అని రాస్తే రాలిపోవడానికి ఏమీ మిగలదు.

వడి వేగం:
శాతం మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. మీ ధాన్యంలో 20 ఉంది. ‘3 శాతం తేమ తగ్గించాలి’ అంటే 75 కిలోల బస్తా ఎంత తగ్గుతుంది? చాలామంది 2.25 కిలోలు అంటారు. 20 శాతం తేమ అంటే గట్టి పదార్థం 60 కిలోలు. ఎండాక అదే 60 కిలోలు 83 శాతం కావాలి, అంటే బస్తా 72.3 కిలోలు. తగ్గింది 2.7 కిలోలు. బళ్లో ‘శాతం’ అనగానే ‘దేంట్లో?’ అని అడగడం అలవాటు చేయకపోతే కాటా దగ్గర నష్టపోయేది ఆ పిల్లల అమ్మానాన్నలే.

రికార్డు గది:
ఒక చిన్న సంగతి. పొలం కాగితాల్లో ‘1-05’ అంటే ఎకరం 5 సెంట్లు. దాన్ని ఫోన్లో ‘ఒకటి పాయింట్ ఐదు’ అని చదివితే ఎకరంన్నర అవుతుంది. 45 సెంట్ల తేడా. ‘ఎకరం ఐదు సెంట్లు’ అని పలకండి.

ఏటిగట్టు:
కొలతల సంగతిలో ఓడిపోయాను, సరే. నా వైపునుంచి కూడా ఒకటి ఇస్తాను. గోదావరి వరదకు భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరంలో అవే 11.75, 13.75, 17.75. లంకలో ఉన్నవాళ్లకు పొద్దున ‘43 అడుగులు’ అని, తర్వాత ‘11.75 అడుగులు’ అని చెబితే వరద దిగిపోయిందనుకోరా? అవి ఆయాచోట్ల కొలబద్ద మీది గీతలు, వాకిట్లో నీటి లోతు కాదు. ఆ మాట వార్తలో అరుదుగా ఉంటుంది. ‘ధవళేశ్వరంలో ఇంత దాటితే మన కాజ్‌వే మీద నడవొద్దు’ అని ఊరూరికీ విడిగా రాయాలి, రేవు మెట్టు మీద రంగు గీత గీయాలి. దీనికి మాత్రం వాడుక తెలుగే కావాలి. ఇక్కడ నేను తగ్గను.

నారుమడి:
దాళ్వాలో (రెండో పంటకు) కాలువ నీళ్ల వంతుల నోటీసు సంగతి కూడా తేల్చేయండి. ‘వంతులవారీగా 5 రోజులు నీరు’ అంటే 5 రోజులు ఇచ్చి 5 రోజులు ఆపుతారా, 5 రోజులకోసారా? తెలుగే, తేలిక తెలుగే, అయినా నారు ఎండుతుంది. ఇలా రాయొచ్చు, తేదీలు ఉదాహరణకే:

‘కాలువ కిలోమీటరు 0 నుంచి 12 వరకు: 1వ తేదీ ఉదయం 6 నుంచి 6వ తేదీ ఉదయం 6 దాకా నీరు. కిలోమీటరు 12 నుంచి శివారు వరకు: 6వ తేదీ ఉదయం 6 నుంచి 11వ తేదీ ఉదయం 6 దాకా. వంతు చూసేది ఫలానా సెక్షన్ ఏఈ. నీరు రాకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.’

కాటా:
బాగుంది. కానీ ఆ ఉదయం 6 అనేది గేటు ఎత్తే టైమా, శివారు బోదెలోకి నీళ్లొచ్చే టైమా?

నారుమడి:
గేటు ఎత్తే టైము. రాయాల్సింది, మర్చిపోయాను.