చర్చ: డాక్టర్ల 36 గంటల డ్యూటీకి కచ్చితమైన పరిమితి పెడితే రోగికి మేలా, కీడా?

పీజీ రెండో ఏడు
1992 జూన్‌లో రెసిడెన్సీ విధానం మీద కేంద్రం ఇచ్చిన ఆదేశం ప్రకారం, రెసిడెంట్ డాక్టరు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివే డాక్టరు, మామూలుగా ఏకబిగిన 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పనిచేయకూడదు. 2023లో జాతీయ వైద్య కమిషన్ పీజీ నిబంధనలు తిరగరాసినప్పుడు అంకెల జోలికి పోకుండా ‘సమంజసమైన పనిగంటలు’ అని ఊరుకుంది. మరుసటి ఏడాది అదే కమిషన్ వేసిన కార్యదళం వారానికి 74 గంటలు మించవద్దంది. కాగితం మీద ఇన్ని అంకెలున్నా, మా యూనిట్‌కు అడ్మిషన్ రోజు, అంటే కొత్త రోగులను చేర్చుకునే వంతు, వచ్చిందంటే ఉదయం 8 గంటలకు ఎక్కిన డ్యూటీ మర్నాడు సాయంత్రం వార్డు పని ముగిశాకే దిగేది.

1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు తేల్చిన విషయం ఒకటుంది. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి దిగజారుతుంది. 24 గంటలైతే దాదాపు 0.1 శాతానికి సమానం. మన చట్టం బండి నడిపేవాడికి ఒప్పుకునేది 0.03 శాతమే. స్కూటరు నడపడానికి పనికిరాని స్థితిలో నేను రోగి మెడ నరంలోకి కాథెటర్ గొట్టం వేస్తున్నాను. పరిమితి పెట్టి, దాన్ని మీరితే ఆసుపత్రి చేత జవాబు చెప్పించాలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

విశ్రాంత సర్జన్
కాదంటున్నానమ్మా. అలసట లేదని కాదు, ఈ మందు పనిచేయదని. అమెరికా వాళ్లు 2003లో వారానికి 80 గంటల హద్దు పెట్టారు. 2011లో మొదటి ఏడాది రెసిడెంట్లకు ఏకధాటిగా 16 గంటలు చాలన్నారు. 2017లో ఆ 16ను ఎత్తేసి మళ్లీ 24కు వెళ్లారు. ఎందుకు? 117 సర్జరీ శిక్షణ కేంద్రాల్లో కొందరికి కఠినమైన వేళలు, కొందరికి సడలించిన వేళలు ఇచ్చి పోల్చారు. 2016లో ఫలితాలు వచ్చాయి. మరణాల్లో, తీవ్రమైన చిక్కుల్లో తేడా లేదు. కడుపు కోసిన చేయి ఆ రాత్రి రోగి దగ్గర ఉండాలి. ఉదయం పొట్ట ఎలా ఉందో, సాయంత్రానికి ఎంత గట్టిపడిందో రెండూ చూసినవాడికే తెలుస్తుంది. చేతులు మారిన కొద్దీ ఆ సంగతి జారిపోతుంది.

పీజీ రెండో ఏడు
సార్, ఆ పోలికలో రెండు వైపులా 80 గంటల హద్దు చెక్కుచెదరలేదు. సడలించింది ఒక్కో షిఫ్టు పొడవును, షిఫ్టుల మధ్య విరామాన్ని మాత్రమే. వారానికి 80 దాటని వాళ్ల మీద తేలిన ఫలితాన్ని తెచ్చి, హద్దే లేని మాకు చూపిస్తే ఎలా? పైగా చేతులు మారినప్పుడు సంగతి జారిపోవడం తలరాత కాదు. అప్పగింతకు ఒక క్రమం నేర్పితే పొరపాట్లు 23 శాతం తగ్గాయని పిల్లల ఆసుపత్రులు తొమ్మిదింటిలో చేసిన పరిశీలన 2014లో చెప్పింది. మన దగ్గర అప్పగింత అంటే మెట్ల మీద ఎదురైనప్పుడు ‘ఆరో బెడ్ కాస్త చూడు’ అనడమే.

విశ్రాంత సర్జన్
ఆ మెట్ల మాట నిజమే. మరి 2020 నాటి మరో పరిశీలన సంగతీ చెప్పు. 2004లో పొడవాటి షిఫ్టుల్లో తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువని చూపించిన అమెరికా పరిశోధకుడు లాండ్రిగన్ బృందమే పిల్లల ఐసీయూలు ఆరింటిలో 24 గంటలకు మించిన డ్యూటీలను తగ్గించి చూసింది. పొరపాట్లు తగ్గలేదు, పెరిగాయి!

స్టాఫ్ నర్సు, రాత్రి వార్డు
ఎందుకు పెరిగాయో కూడా అందులోనే ఉంది, డాక్టర్ గారూ. గంటలు కుదించారు, మనుషులను కలపలేదు. ఒక్కో డాక్టరు చూడాల్సిన పిల్లలు సగటున 6.7 నుంచి 8.8కి పెరిగారు. ఆ బరువును లెక్కలోంచి తీసేస్తే తేడా మిగల్లేదు. మీరిద్దరూ గంటల మీద కొట్లాడుతుంటే తలల సంగతి మరుగున పడుతోంది.

బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నా రాత్రి డ్యూటీ 12 గంటలు. నలభై మందికి నేనూ, ఒక విద్యార్థినీ. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య పొటాషియం సీసా మీది పేరు రెండుసార్లు చదివి, నమ్మకం లేక మూడోసారి వేలు పెట్టి చదువుతాను. నా డ్యూటీ 12 గంటలే, కాబట్టి నేను మీ పరిమితి లోపలే ఉన్నాను!

బెడ్ నంబర్ 14
రోగిగా నా మాట కూడా వినండి. న్యుమోనియాతో తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాను. అర్ధరాత్రి ఇంజెక్షన్, రెండింటికి బీపీ, నాలుగున్నరకు రక్తం, ఐదింటికి చీపురు. ఎవరి పనీ అనవసరం అనను. అందరి పనులూ కలిసి నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంటికి వచ్చాక రెండు వారాలు బాత్‌రూమ్ దాకా నడవాలంటే గోడ పట్టుకునేవాడిని. ఇలాంటి నీరసానికి 2013లో హార్లాన్ క్రుమ్‌హోల్జ్ అనే గుండె వైద్యుడు ఆసుపత్రి అనంతర లక్షణ సముదాయం అని పేరు పెట్టారట. అమెరికాలో డిశ్చార్జి అయిన వృద్ధుల్లో దాదాపు ఐదో వంతు మంది నెల తిరక్కుండానే మళ్లీ చేరుతున్నారనీ, చాలామందికి అందుకు కారణం మొదటి జబ్బు కాదనీ ఆయన రాశారు. నిద్రలేమి, తిండి కుదరకపోవడం, మంచానికి అతుక్కుపోవడం అందులో దోషులు.

ఇక నా భార్య సంగతి. మంచం కింద చాప, చేతిలో రక్తం సీసా, ల్యాబు ముందు వరుస. ట్రాలీ తోసింది, సెలైన్ అయిపోతే పిలిచింది. జీతం లేని ఆ డ్యూటీని ఎన్ని గంటల్లో లెక్కేస్తారు?

పీజీ రెండో ఏడు
నాలుగున్నరకు రక్తం తీసేది మేమే. ఎనిమిదిన్నర రౌండ్స్‌కు రిపోర్టు కేస్ షీటులో లేకపోతే మాటలు పడేదీ మేమే.

బెడ్ నంబర్ 14
అయితే రౌండ్స్ పదింటికి జరపండి. మీరూ పడుకుంటారు, నేనూ పడుకుంటాను.

విశ్రాంత సర్జన్
పదింటికి రౌండ్స్ పెడితే ఆపరేషన్ థియేటర్ ఎప్పుడు మొదలవుతుంది? మధ్యాహ్నం పడాల్సిన కేసు రాత్రి పడుతుంది, లేదా వాయిదా పడుతుంది. ఉదయం నుంచి మంచినీళ్లయినా తాగకుండా కూర్చున్న రోగికి వాయిదా మాట చెప్పి చూడండి.

స్టాఫ్ నర్సు, రాత్రి వార్డు
రౌండ్స్ కదపనక్కరలేదు. నలభై మందిలో రెండింటికి బీపీ చూడక తప్పనివాళ్లు పది మంది ఉంటారేమో. మిగతావాళ్లకూ చూస్తున్నాం, ఎందుకంటే కేస్ షీటులో ‘నాలుగు గంటలకోసారి’ అని చేరిన రోజు రాసింది రాసినట్టే ఉంటుంది. నిలకడగా ఉన్న రోగిని రాత్రి పది నుంచి ఐదు దాకా లేపవద్దని డాక్టరు ఒక్క ముక్క రాస్తే చాలు. నా అంతట నేను మానేస్తే, రేపు ఏదైనా జరిగితే సంజాయిషీ నాది.

విశ్రాంత సర్జన్
ఆపరేషనైన మొదటి రెండు రాత్రులూ రాయను. జ్వరం తగ్గి, తిండి మొదలైనవాడికి రాయడానికి నాకేం అభ్యంతరం? నా కాలంలో ఏ సిస్టరూ అడగలేదు. పరిమితి విషయంలో మాత్రం నా మాట అదే. ఖాళీ పోస్టులు నింపకుండా గంటలు కోస్తే ఆ పని ఈవిడ మీదా, చాప మీద పడుకున్న ఆ అమ్మాయి మీదా పడుతుంది.

పీజీ రెండో ఏడు
పోస్టులు నింపేదాకా ఆగమంటే 1992 నుంచి ఆగుతూనే ఉన్నాం, సార్. గంటలకు హద్దు లేనంతకాలం ఖాళీ పోస్టు ఎవరికీ కనిపించదు, మేం నింపేస్తున్నాం కాబట్టి. ముందు డ్యూటీ ఎక్కిన వేళ, దిగిన వేళ రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాయనివ్వమనండి. ఇప్పుడు అక్కడ అందరికీ ఒకే వేళ రాసి ఉంటుంది.