ఇలోయిలో నగరంలో రోజువారీ జీవితాన్ని, మారిపోతున్న గుర్తులను నమోదు చేయడం ఎలా?

ప్రశ్న: జారో అల్లుడు

అందరికీ నమస్కారం. ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ దీవి మీద ఉన్న ఇలోయిలో నగరం మా ఆవిడ పుట్టి పెరిగిన ఊరు. పెళ్లయ్యాక నేను కూడా ఇక్కడే, జారో ప్రాంతంలో, అత్తవారి వీధిలోనే స్థిరపడ్డాను. ఈ ఊరి ఇప్పటి రూపాన్ని ఎవరో ఒకరు పద్ధతిగా నమోదు చేస్తే బాగుంటుందని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎవరూ చేస్తున్నట్టు కనబడకపోవడంతో నేనే పూనుకోదలచాను.

ఊరు ఎంతగా మారిందో తెలియనివారి కోసం కొన్ని సంగతులు చెబుతాను. మండుర్రియావ్‌లోని పాత విమానాశ్రయం 2007లో మూతపడి, విమానాలన్నీ ఊరికి దూరంగా కబతువాన్ వైపు కట్టిన కొత్త విమానాశ్రయానికి తరలిపోయాక, ఒకప్పుడు రన్‌వే ఉన్న నేల మీద ఇప్పుడు ఆఫీసు భవనాలు, హోటళ్లు, పెద్ద మాల్ వెలిశాయి. నది ఒడ్డున 2012లో ఎస్ప్లనేడ్ అనే నడకదారి తెరిచినప్పటి నుంచి సాయంత్రాలు ఊరంతా అక్కడికే నడకకు వస్తోంది. పాత జిల్లా జైలు నేషనల్ మ్యూజియం అయింది. 1907లో మొదలై 1980లలో ఆగిపోయిన పనాయ్ రైలు మార్గం ఎక్కడెక్కడ సాగేదో చెప్పగలిగినవారు మా వీధిలో ముసలివాళ్లు మాత్రమే.

నా ఇబ్బంది ఏమిటంటే, జారో కేథడ్రల్‌కూ, మోలో చర్చికీ, చక్కెర వ్యాపారుల పాత భవంతులకూ ఫోటోలు కోకొల్లలుగా ఉన్నాయి. కేథడ్రల్ ముందు మెట్ల దగ్గర కొవ్వొత్తులు అమ్మే ఆడవాళ్లకు, జనాన్ని ఎక్కించుకుని వీధుల్లో తిరిగే జీప్నీ బండి అద్దం మీద చేత్తో రాసిన ఊరి పేర్లకు, మా వీధి మొగలోని చిన్న సరి-సరి కిరాణా కొట్టు ఇనుప ఊచల కిటికీకి మాత్రం ఒక్కటీ లేదు. పైగా 2008 జూన్‌లో ఫ్రాంక్ తుఫాను వచ్చినప్పుడు జారో మునిగిపోయి, మా అత్తవారింటి ఆల్బములన్నీ బురదపాలయ్యాయి. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఇదే కథ. అంటే పాత రోజుల ఆధారాలు ఇళ్లలో కూడా పెద్దగా మిగలలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి, మనుషులను ఎలా అడగాలి, పోగుచేసినది యాభై ఏళ్ల తరువాత కూడా దొరకాలంటే ఎక్కడ భద్రపరచాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: గ్రంథాలయ మిత్రుడు

అల్లుడుగారూ, మీరు తలపెట్టిన పనికి ఫిలిప్పీన్స్‌లో పెద్ద పూర్వగాథే ఉంది. కెమెరా పట్టుకునే ముందు దాన్ని ఒకసారి చూడండి. 1951 డిసెంబరులో అధ్యక్షుడు ఎల్పిడియో కిరినో 486వ కార్యనిర్వాహక ఉత్తర్వు జారీచేసి, దేశంలోని ప్రతి ఊరి చరిత్రను, బారియోలతో (పల్లెలతో) సహా, సేకరించాలని ఆదేశించారు. రెండో ప్రపంచ యుద్ధంలో దస్తావేజులు తగలబడిపోయిన నేపథ్యంలో వచ్చిన ఆదేశం అది. పని ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల మీద పడింది. వారు పెద్దలను కలిసి ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో, పెళ్లిళ్లూ చావులూ ఎలా జరిగేవో, ఏ చెట్టు కింద ఏ దెయ్యం ఉందనుకునేవారో, యుద్ధకాలంలో ఏ ఇల్లు కాలిందో టైపు చేసి పంపారు. ‘హిస్టారికల్ డేటా పేపర్స్’ అని పిలిచే ఆ కాగితాలు ఇప్పుడు మనీలాలోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. నాణ్యత ఒక్కతీరుగా ఉండదు. ఓపికగల ఉపాధ్యాయుడు దొరికిన బారియోకు పేజీలకు పేజీలు దొరుకుతాయి, మొక్కుబడిగా రాసిన చోట అరపేజీతో సరి. అయినా ఇలోయిలోకు సంబంధించిన కాగితాలు చదివి, వాటిలో చెప్పిన గుర్తులలో ఏవి మిగిలాయో తిరిగి చూడడమే మీకు మంచి ఆరంభం అవుతుందని నా అభిప్రాయం.

ఫోటో తీయడం తేలికే, దాని వెనక రాయవలసింది రాయడమే ఎవరూ చేయరు. తీసిన తేదీ, కచ్చితమైన చోటు, ఏ దిక్కుకు తిరిగి తీశారు, అందులో కనబడే మనుషులు ఎవరు, వారి అనుమతి ఉందా లేదా, ఆ చోటును స్థానికులు ఏమని పిలుస్తారు అన్నవి ఆ రోజే రాసుకోవాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. అధికారికంగా జె.ఎం. బాసా వీధి అయిన దాన్ని ఇప్పటికీ కాల్యే రియల్ అనేవారు ఎందరో ఉన్నారు కదా. మీ ఫైలులో రెండు పేర్లూ లేకపోతే రేపు వెతికేవాడికి అది దొరకదు.

పాత స్టూడియో ఫోటోలు ఎవరింట్లోనైనా దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫిలిప్పీన్స్ చట్టం ప్రకారం ఫోటోకు కాపీరైటు ప్రచురించిన నాటి నుంచి యాభై ఏళ్లు, ప్రచురించకపోతే తీసిన నాటి నుంచి యాభై ఏళ్లు. చట్టం ఎలా ఉన్నా ఆ ఇంటివారిని అడగకుండా బయట పెట్టకూడదన్నది వేరే సంగతి.

జవాబు: వీధిపటం

నేను సెబూలో ఉంటాను, పటాలు గీయడం నా వృత్తి. నా సలహా ఒక్కటే: చోట్లు ముందే ఎంచుకుని, వాటికి కట్టుబడి ఉండండి. ఊరంతా తిరిగి కంటికి నచ్చినదల్లా తీస్తే అందమైన ఆల్బమ్ తయారవుతుంది గానీ మార్పు కనబడదు. అదే గోడ దగ్గర, అదే ఎత్తులో, అదే దిక్కుకు నిలబడి ఏటా ఒకే కాలంలో తీసిన ఫోటోలను పక్కపక్కన పెట్టినప్పుడే, ఏ బోర్డు ఎప్పుడు మారిందో, ఏ చెట్టు ఎప్పుడు పోయిందో తెలుస్తుంది. మీ జారోలో ఫిబ్రవరి 2న కండెలారియా మాత పండుగ, నగరంలో జనవరి నాలుగో ఆదివారం దినాగ్యాంగ్ ఉంటాయి కాబట్టి, పండుగ రోజు ఒకసారి, ఏ విశేషమూ లేని మామూలు మంగళవారం ఒకసారి అదే చోట తీయండి. పండుగ ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి. మామూలు మంగళవారానిది మీ దగ్గర మాత్రమే ఉంటుంది.

ఇందుకు జారో గంటగోపురం మంచి చోటు. చర్చికి అంటుకుని ఉండకుండా రోడ్డుకు అవతల ప్లాజాలో విడిగా నిలబడిన గోపురం అది. 1948 జనవరి 25 నాటి భూకంపానికి బాగా దెబ్బతిన్నది. గోపురం ఎటూ కదలదు గనుక దాన్ని కొలతగా పెట్టుకుని, దాని పాదం దగ్గర ఏం జరుగుతోందో చూడండి: ఎవరు ఏం అమ్ముతున్నారు, జీప్నీలు ఎక్కడ ఆగుతున్నాయి, తీగలు ఎన్ని పెరిగాయి.

గూగుల్ వారి వీధి చిత్రాలు ఫిలిప్పీన్స్‌లో 2015 నుంచి ఉన్నాయి. ఒకే వీధి పాత చిత్రాలను సంవత్సరాల వారీగా వెనక్కి జరిపి చూడవచ్చు కాబట్టి, మీరు మొదలుపెట్టకముందు గడిచిన ఏళ్లు కూడా కొంతవరకు మీ చేతికి వస్తాయి. కొట్లు, దారులు, జీప్నీలు ఆగే చోట్లు అందరూ కలిసి గీసే ఇంటర్నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నమోదు చేయండి; ఫిలిప్పీన్స్‌లో దానికి చురుకైన స్వచ్ఛంద బృందాలు ఉన్నాయి.

ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. 10066వ రిపబ్లిక్ చట్టం ప్రకారం కనీసం యాభై ఏళ్ల వయసున్న కట్టడాన్ని, ఆ హోదాను తొలగించనంత వరకు, ముఖ్యమైన సాంస్కృతిక ఆస్తిగా భావించాలన్న నియమం 2010 నుంచి ఉన్నది. 2023లో వచ్చిన 11961వ చట్టం స్థానిక ప్రభుత్వాలు సాంస్కృతిక పటాలు తయారుచేయాలని చెప్పింది. కాబట్టి తేదీతో, చోటుతో ఉన్న మీ ఫోటో రేపు ఒక కట్టడం వయసుకు సాక్ష్యం కావచ్చు. మీ నగరపు సెంట్రల్ మార్కెట్ ఆర్ట్ డెకో ముఖభాగాన్ని కూల్చడం గురించి 2022లో ఎంత గొడవ జరిగిందో మీకు తెలిసే ఉంటుంది.

జవాబు: బకోలోద్ అక్కయ్య

పై ఇద్దరూ చెప్పినది సబబుగానే ఉంది గానీ, వీధిపటం గారి పద్ధతిలో గోడలకు ఉన్న విలువ మనుషులకు లేదనిపించింది. నేను మీకు ఎదురుగా, జలసంధికి ఇవతల బకోలోద్‌లో ఉంటాను. ఇక్కడా మాట్లాడేది హిలిగైనన్ భాషే. నా మాట వింటే ముందు గొంతులు రికార్డు చేయండి అంటాను. భవనం కూలే ముందు నోటీసు వస్తుంది, పేపర్లో వార్త వస్తుంది, నలుగురూ ఫోటోలు తీస్తారు. కొట్టు నడిపే ముసలమ్మ పోయినప్పుడు అలాంటిదేమీ ఉండదు.

మనుషులను ఎలా అడగాలన్నారు. “మీ జీవితం గురించి చెప్పండి” అంటే ఎవరూ ఏమీ చెప్పరు. సిగ్గుపడి, నవ్వి, కుర్చీ వేసి, తినడానికి ఏదో పెడతారు. ఒక వస్తువు చూపించి అడగండి. లా పాజ్ మార్కెట్‌కు వెళ్లి బాచోయ్ అనే నూడుల్స్ పులుసు వండే మనిషి పక్కన నిలబడి, ఈ ఎముకల పులుసు రాత్రి ఎన్నింటికి పొయ్యి మీద పెడతారని అడగండి. గిన్నెలో ‘మికి’ అనే నూడుల్స్ వేసి, పంది కాలేయం ముక్కలు, నలిపిన చిచరోన్ (కరకరలాడే పంది చర్మం), వెల్లుల్లి చల్లి, పైన మరిగే పులుసు పోస్తున్నంతసేపూ ఆ మనిషి మాట్లాడుతూనే ఉంటాడు: పులుసులో ఎండు రొయ్యల రుచి తన తండ్రి ఎలా కుదిర్చేవాడో, తోడుగా పుతో (బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించేది) ఇచ్చే ఆమె ఇప్పుడు ఎక్కడ కూర్చుంటోందో, మార్కెట్‌ను తిరిగి కట్టినప్పుడు ఎవరి బల్ల ఎటు పోయిందో. ఇలోయిలోకు 2023లో యునెస్కో వారి సృజనాత్మక ఆహార నగరమన్న గుర్తింపు వచ్చింది, సంతోషమే. దాని పేరుతో వచ్చే పుస్తకాలలో వంటకం పేరూ ఫోటోనూ ఉంటాయి, మార్కెట్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో ఉండదు. మీరు దాని పటం గీయండి. “ఈ బల్ల దగ్గర మీకంటే ముందు ఎవరుండేవారు?” అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వరసగా అడుగుతూ పోతే చాలు.

ప్రశ్నలు మీరు ఇంగ్లీషులో అడగవద్దు. మీ ఆవిడ గారిని హిలిగైనన్‌లో అడగమనండి, ఇంకా మంచిది మీ అత్తగారిని వెంట తీసుకువెళ్లడం. ఆవిడ పక్కన ఉంటే, ముక్కూ మొహం తెలియని విదేశీయుడు ఫోన్ పట్టుకుని వచ్చాడన్న బెరుకు పోయి, ఫలానావారి అల్లుడన్న చనువు వస్తుంది. విన్నది విన్నట్టు హిలిగైనన్‌లోనే రాయించి, సారాంశం వేరే కాగితం మీద రాసుకోండి.

శబ్దాలను కూడా వదలవద్దు. జీప్నీలో చిల్లర చేతులు మారి డ్రైవరు దాకా చేరడం, దిగవలసినవారు “లుగార్ లాంగ్” (ఇక్కడ ఆపండి) అని కేకేయడం, తెల్లవారుజామున సైకిల్ మీద పండెసాల్ రొట్టెలు అమ్మేవాడి హారను. పాత జీప్నీల స్థానంలో కొత్త బళ్లు తేవాలన్న ప్రభుత్వ కార్యక్రమం 2017లో మొదలైంది. ముందు భాగం కారులా ఉండే మీ ఊరి ‘పసాడ్’ జీప్నీల పక్కన ఇప్పటికే ఏసీ మినీబస్సులు తిరుగుతున్నాయి. వాటిలో కేక వేయవలసిన పని ఏముంది?

ఫోటో తీసిన ప్రతి మనిషికీ ఒక ప్రింటు తీసి చేతికివ్వండి. ఫోన్‌కు పంపితే సరిపోదు. ప్రింటు ఇవ్వడానికి వెళ్లినప్పుడే అసలు కథ బయటికి వస్తుంది, పక్కవాళ్లు కూడా వచ్చి చేరతారు. వద్దన్నవారిని మాత్రం రెండోసారి అడగకండి. పిల్లల ముఖాలు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా, ఎక్కడా పెట్టకండి.

జవాబు: వీధిపటం

అక్కయ్యగారూ, గోడల మీద నాకు ప్రేమ ఎక్కువన్నది ఒప్పుకుంటాను. మీరు చెప్పిన బల్లల పటం నిజంగా గొప్ప ఆలోచన. దానికి మాత్రం కొలతలు కావాలి. బల్లకో అంకె వేసి, నేల నక్షా మీద గుర్తించి, గొంతు రికార్డుకు అదే అంకె పెడితే, ఎవరి మాట ఏ చోటుకు చెందుతుందో ఎప్పటికీ తేలికగా తెలుస్తుంది.

జారో అల్లుడు

మీ అందరికీ ధన్యవాదాలు. మా అత్తగారికి ఈ చర్చ చదివి వినిపిస్తే, 1981 ఫిబ్రవరిలో పోప్ రెండో జాన్ పాల్ వచ్చి జారో కండెలారియా మాతకు స్వయంగా కిరీటం పెట్టినప్పుడు తాను జనంలో ఎక్కడ నిలబడ్డదీ, అప్పుడు ప్లాజా చుట్టూ ఏ కొట్లున్నదీ గంటసేపు చెప్పారు. రికార్డు చేసే తెలివి మా ఆవిడకు వచ్చింది, నాకు రాలేదు. కాబట్టి మొదటి పటం మార్కెట్‌ది కాదు, జారో ప్లాజాది. కొవ్వొత్తులు అమ్మేవారితో మొదలుపెట్టి బిస్కోచో (కాల్చిన రొట్టె) కొట్ల వైపు వెళ్తాం. అత్తగారు వెంట వస్తానన్నారు. భద్రపరచడం గురించి మాత్రం ఇంకా తెలియలేదు. ఈ ఊళ్లో వరద మళ్లీ రాదన్న నమ్మకం నాకు లేదు.

జవాబు: గ్రంథాలయ మిత్రుడు

ఒక ప్రతి ఇంట్లో హార్డ్ డిస్కులో, అది కూడా మేడ మీద గదిలో ఉంచండి. రెండోది వేరే దీవిలో ఉన్న బంధువుల దగ్గర పెట్టండి, ఎందుకంటే ఒకే తుఫాను రెండిళ్లనూ ముంచవచ్చు. బహిరంగంగా ఉంచగలిగిన ఫోటోలను వికీమీడియా కామన్స్‌లోనూ, అనుమతి ఉన్న రికార్డింగులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ పెట్టవచ్చు. మీ ఊళ్లోనే యూపీ విసాయాస్ (ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం, విసాయాస్) వారి పశ్చిమ విసాయన్ అధ్యయన కేంద్రం ఉంది. కొంత పని పోగయ్యాక వెళ్లి మాట్లాడండి, ఖాళీ చేతులతో మాత్రం వెళ్లకండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, తేదీ, ఆపైన బరంగాయ్ (వార్డు లాంటిది) పేరు ఉండాలి. ఇలోయిలోలో 180 బరంగాయ్‌లు ఉన్నాయి, వాటిలో కొన్ని పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, జారోయా మోలోయా అన్నది కూడా పక్కన చేర్చండి. అత్తగారి రికార్డింగుకు ఈ రోజే పేరు పెట్టి, రెండో ప్రతి తీసి ఉంచండి.