పొదిగే గుడ్లలో పిల్ల ఉందో లేదో తక్కువ ఖర్చుతో చూడడం ఎలా?

ప్రశ్న: పెరటికోళ్లు (జనగామ)

అందరికీ నమస్కారం. థర్మోకోల్ పెట్టెతో నేనే తయారు చేసుకున్న ఇంక్యుబేటర్‌లో 30 గుడ్లు పెట్టాను. వాటిలో సగం మా అసీల్ జాతి పెట్టలవి, మిగతావి గ్రామప్రియ అనే పెరటి రకం కోళ్లవి. నేటికి ఎనిమిదో రోజు. నిన్న రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు ఉంచి చూస్తే, మొత్తం బెల్లం పాకం రంగులో మెరిసిందే తప్ప లోపల నరాలు ఉన్నాయో లేవో తెలియలేదు. 30 గుడ్ల కోసం ప్రత్యేకంగా క్యాండ్లర్ (గుడ్డు లోపల చూసే లైటు) కొనడానికి మనసొప్పడం లేదు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే స్పష్టంగా చూసే మార్గం ఉంటే చెప్పగలరు. గుడ్లను మాటిమాటికీ బయటికి తీస్తే చల్లబడి పిల్లలు చచ్చిపోతాయని మా అమ్మ భయపడుతోంది, అది నిజమేనా?

సమాధానం: పాత సైకిల్

మీ ఫోన్ లైటుకు కాంతి చాలకపోవడం కంటే, ఆ కాంతి గుడ్డు పక్కల నుంచి బయటికి కారి మీ కళ్లలో పడడమే అసలు ఇబ్బంది అని నా అనుమానం. పాత సైకిల్ ట్యూబును రెండంగుళాల ముక్కగా కోసి, రెండు మూడు మడతలుగా చుట్టి, దారంతో కట్టి చిన్న గొట్టంలా చేయండి. దాన్ని ఫోన్ లైటు మీద నిలబెట్టి, పైన గుడ్డు వెడల్పు కొనను ఆనిస్తే, రబ్బరు పెంకుకు అతుక్కుపోయి వెలుతురంతా లోపలికే పోతుంది. గదిలో దీపాలు ఆర్పి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా అయిదు నిమిషాలు కూర్చున్నాకే మొదలుపెట్టండి. ఈ అయిదు నిమిషాల ఓపిక లేకనే చాలామంది టార్చి మీద టార్చి కొంటారు. గ్రామప్రియ గుడ్డు పెంకు గోధుమ రంగులో ఉంటుంది కనుక, దానికి మాత్రం ఫోన్ చాలకపోవచ్చు. చిన్న ఎల్‌ఈడీ టార్చి మూతికి ఇదే ట్యూబు తొడిగి చూడండి.

మీ అమ్మగారి భయం అర్థం లేనిది కాదు గానీ, పొదుగు మీద కూర్చున్న పెట్ట కూడా రోజుకొకసారి మేతకు లేచి కాసేపు తిరిగి వస్తుంది కదా. ఒక్కసారికి అయిదారు గుడ్లు మాత్రమే తీసి, పది నిమిషాల లోపు తిరిగి పెట్టేస్తే ఏ హానీ జరగదు.

సమాధానం: చెప్పుల పెట్టె (తాడేపల్లిగూడెం)

ఎక్కువ గుడ్లు చూడాల్సినవారికి పెట్టె పద్ధతి చేతికి సుఖం. చెప్పుల పెట్టె మూత మీద పది రూపాయల నాణెం పెట్టి, దాని చుట్టూ గీత గీసి, ఆ గుండ్రాన్ని బ్లేడుతో కోయండి. గుడ్డు లోపలికి జారిపోకుండా, కింది నుంచి చక్కగా వెలుతురు తగిలే కొలత అది. రంధ్రం అంచుకు మందపాటి నల్లగుడ్డ అంటించి, లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. ఫిలమెంటు బల్బు మాత్రం వద్దు. నేను మొదటిసారి 100 వాట్ల బల్బు పెట్టి, ఒక గుడ్డును పక్కింటాయనకు చూపిస్తూ మాటల్లో పడిపోయాను; చేతికి తీసుకునేసరికి పెంకు కాలుతోంది, పైగా పెట్టె అట్ట పొగచూరింది. ఆ గుడ్డు నుంచి పిల్ల రాలేదు.

సమాధానం: పొదుగుగంప

వెలుతురు సంగతి పై ఇద్దరూ చెప్పారు కనుక, లోపల ఏం చూడాలో చెబుతాను. బతికున్న గుడ్డులో ఈ వయసుకు ఒక నల్లని చుక్క, దాని నుంచి నలువైపులా సాలీడు కాళ్లలా పాకిన ఎర్రని నరాలు కనిపిస్తాయి. గుడ్డును మెల్లగా తిప్పితే చుక్క కదులుతుంది. నరాలేమీ లేకుండా పచ్చసొన నీడ ఒక్కటే తేలుతుంటే అది బీజం లేని గుడ్డు. నరాలు చెదిరిపోయి, ఎర్రటి ఉంగరంలాంటి గీత మిగిలిందంటే పిల్ల మొదట్లోనే చనిపోయిందని అర్థం. బీజం లేనివాటి కంటే ఈ ఉంగరం గుడ్లను త్వరగా తీసేయాలి, ఎందుకంటే అవి మురిగి, లోపల వాయువు నిండి, పెట్టెలో పగిలితే పక్క గుడ్లను కూడా చెడగొడతాయి.

అనుమానం ఉన్న గుడ్డును మాత్రం ఏడెనిమిది రోజులకే పారేయవద్దు. పెన్సిలుతో ప్రశ్నార్థకం వేసి, మూడు రోజుల తర్వాత మళ్లీ చూడండి. స్కెచ్ పెన్ను వాడకండి, పెంకుకు సన్నని రంధ్రాలుంటాయి. అదే పెన్సిలుతో వెడల్పు కొన దగ్గరి గాలి అర (పెంకు లోపల గాలి ఉండే ఖాళీ) చుట్టూ గీత గీసి, 14వ రోజున, 18వ రోజున మళ్లీ గీస్తే, అది పెద్దదవుతున్న తీరును బట్టి పెట్టెలో తేమ సరిపోతోందో లేదో తెలుస్తుంది. గాలి అర అసలు పెరగకపోతే తేమ ఎక్కువైనట్టు. 18వ రోజుకు గాలి అర తప్ప గుడ్డంతా నల్లగా కనిపించడం మంచి గుర్తే. ఆ రోజు నుంచి గుడ్లను తిప్పడం ఆపి, 21వ రోజుకు పిల్ల బయటికి వచ్చేదాకా మూత తీయకుండా ఉండండి.

పెరటికోళ్లు (జనగామ)

అందరికీ కృతజ్ఞతలు. సైకిల్ ట్యూబు దొరికింది, చీకట్లో అయిదు నిమిషాలు కూర్చున్నాను. 30లో 21 గుడ్లలో నరాలు స్పష్టంగా కనిపించాయి, నాలుగింటిలో ఏమీ లేదు, ఒకదానిలో ఉంగరం ఉంది. మిగిలిన నాలుగు, అన్నీ గ్రామప్రియవే, ఏమీ తేలలేదు; ప్రశ్నార్థకం వేసి మళ్లీ పెట్టాను, 11వ రోజున టార్చితో చూస్తాను. ఖాళీ గుడ్డు ఒకటి పగలగొట్టి చూస్తే మామూలు పచ్చసొనే ఉంది. పదిహేను పెట్టలకు ఒక్క పుంజునే ఉంచడం వల్ల ఇలా అయి ఉంటుందేమో. నరాలు కదులుతుంటే చూసిన మా అమ్మ ఇప్పుడు భయం మరిచి, రేపు మళ్లీ ఎప్పుడు చూపిస్తావని అడుగుతోంది.