నల్ల సబ్బుపై తెల్లపొర: తేమ ఊళ్లో ఏం చేయాలి?

నైజీరియాలో పుట్టి ఆంట్‌వర్ప్‌లో పనిచేస్తున్న కళాకారిణి ఒటోబాంగ్ న్‌కాంగా 2017 డాక్యుమెంటా కళా ప్రదర్శనలో చేసిన 'కార్వ్‌డ్ టు ఫ్లో' తెలిసినవాళ్లను అడుగుతున్నా. అందులో మధ్యధరా, మధ్యప్రాచ్యం, ఉత్తర, పశ్చిమ ఆఫ్రికాల నుంచి వచ్చిన ఏడు నూనెలు, బటర్లు, బొగ్గు కలిపిన నల్ల సబ్బే శిల్పం. దాని ఆధారంగా విశాఖలో వర్క్‌షాప్ ఉంది.

కొలతలివి: ఆలివ్ నూనె 500 గ్రాములు, కొబ్బరినూనె 300, ఇప్పనూనె 200. 5 శాతం నూనె మిగిలేలా కాస్టిక్ సోడా 142 గ్రాములు, నీళ్లు 284. బొగ్గుపొడి 2 టీస్పూన్లే. ఎక్కువైతే నురుగు బూడిదరంగుకు తిరిగి తువ్వాళ్లు పాడవుతాయి.

ఇబ్బంది తెల్లపొరతో. పూర్తిగా కలవని సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బనేట్ అవుతుంది. తెల్ల సబ్బుపై కనబడదు గానీ నల్లదానిపై సున్నం కొట్టినట్టే! నీళ్లు 213కి తగ్గిస్తే సరిపోతుందా, లేక ఇప్పనూనె ఉన్నందున అచ్చులో పోయకముందే గట్టిపడుతుందా? వానాకాలంలో 6 వారాలు ఆరబెడితే గ్లిజరిన్ చెమ్మ లాగి చుక్కలు కడుతుంది కదా, ఫ్యాన్ గాలి చాలా?

ఇంకోటి. న్‌కాంగా పనిలో ప్రతి నూనె ఎక్కడ పండిందన్నదే అసలు విషయం. షియా (పశ్చిమ ఆఫ్రికా గింజల కొవ్వు) బదులు ఇప్ప వాడటం సబబే అనిపిస్తోంది, దిగుమతి ఆలివ్‌ను మాత్రం ఉంచాలా, నువ్వులనూనెకు మారాలా? మారితే సబ్బు మెత్తబడదా?