తోటలో నిలిపి ఉంచిన కారుకు ఇన్సూరెన్స్ కట్టాలా?

ప్రశ్న – లంకతోట

మాది పి.గన్నవరం వైపు ఊరు. ఏప్రిల్‌లో నాన్నగారు కాలం చేసినప్పటి నుంచి ఆయన 1,200 సీసీ పెట్రోలు కారు, ఏటిగట్టుకు నదివైపు ఉన్న మా కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద టార్పాలిన్ కప్పి ఉంది. పాలసీ జూన్ 20న ముగిసింది. నేను హైదరాబాదులో ఉంటాను కాబట్టి, తోట చూసుకునే మనిషి బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి స్టార్టు చేస్తున్నాడు. ఆర్‌సీ ఉన్నంతకాలం ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఏజెంటు గారు అంటున్నారు. మన తోటలో మన బండి ఉంటే అడిగేవాడెవడని బాబాయి అంటున్నారు. లండన్‌లో ఉన్న చెల్లెలేమో అక్కడ రోడ్డెక్కని బండికి కూడా ఇన్సూరెన్స్ అడుగుతారని చెబుతోంది. అసలు నియమం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – కోర్టుపక్షి, రాజమహేంద్రవరం

చట్టం మాట వరకే చూస్తే మీ బాబాయి గారి వైపే కొంత బలం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో బండిని వాడేవారికీ, ఇతరుల చేత వాడించేవారికీ, వాడనిచ్చేవారికీ థర్డ్ పార్టీ పాలసీ, అంటే ఎదుటివారి నష్టానికి వర్తించే బీమా, తప్పనిసరి. కేవలం ఆర్‌సీ ఉన్నందుకే పాలసీ ఉండాలని ఆ సెక్షన్ చెప్పదు. అయితే బహిరంగ స్థలం అంటే రోడ్డు ఒక్కటే కాదు. జనానికి ప్రవేశించే హక్కు ఉన్న ప్రతి చోటూ ఆ నిర్వచనంలోకి వస్తుంది. యజమాని అనుమతితో జనం వచ్చిపోయే ప్రైవేటు స్థలాన్ని కూడా అందులో చేర్చి బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కాబట్టి తాళం వేసిన మీ తోట సంగతి వేరు, లారీలు, రైతులు రోజంతా తిరిగే రైసుమిల్లు ఆవరణ సంగతి వేరు. తోట ముందున్న పుంత మీదికి బండి ముందు చక్రాలు వచ్చినా అది మీ సొంత స్థలం కాదు.

విశాఖ ఉక్కు కర్మాగారం లోపలి యార్డులో మాత్రమే తిరిగిన 36 వాహనాల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఇచ్చిన తీర్పును కొందరు ఇక్కడ ఉదాహరిస్తారు. గోడలు, కాపలా ఉన్న ఆ యార్డు బహిరంగ స్థలం కాదని కోర్టు చెప్పిన మాట నిజమే కానీ, అది వాహన పన్ను వివాదం. దాన్ని చూపించి పోలీసు ముందు ఇన్సూరెన్స్ మినహాయింపు అడిగితే కుదరదు.

నాకు భయం కలిగించేది మీ తోట మనిషి సంగతి. వారానికోసారి ఇంజను తిప్పేవాడు ఏదో ఒక రోజు గేటు తీసి వీధి చివరి దాకా తిప్పి తెస్తాడు. అప్పుడు "వాడనిచ్చినవారు" మీరే అవుతారు. 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మరోసారి అయితే జరిమానా 4,000. ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టవలసిన నష్టపరిహారం ముందు ఈ మొత్తం లెక్కలోకే రాదు. తాళంచెవి మీ దగ్గర పెట్టుకుని, బ్యాటరీ తీగ ఊడదీయించండి.

జవాబు – గట్టుమీద

పై వివరణ బాగుంది కానీ, మీ తోట ఏటిగట్టుకు నదివైపు ఉందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 2022 జూలైలో మా ఇంటి కారు కూడా పాలసీ ముగిసి మూడు నెలలై, పశువుల పాక పక్కన నిలిపి ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో హెచ్చరిక ఇచ్చిన రోజు కూడా, ఏటా చూసే వరదే కదా అనుకుని మేం కదల్లేదు. 17.75 అడుగుల మూడో హెచ్చరిక వచ్చేసరికి వాకిట్లో చీలమండ లోతు నీళ్లున్నాయి. గేదెలను ముందు తోలి, బియ్యం బస్తాలు డిక్కీలో వేసుకుని, వానలో కారును గట్టు మీదికి ఎక్కించాను. గట్టంతా ట్రాక్టర్లు, ఆటోలు, కట్టేసిన పశువులు. చోటు కోసం వెనక్కి తీయడంలో ఒక ఆటో ముందు అద్దం, దీపం పగిలిపోయాయి. ఆ ఆటో యజమాని మంచివాడు కాబట్టి చేతి డబ్బుతో సరిపోయింది. ఆ చీకట్లో అక్కడ ఒక పిల్లవాడు నిలబడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

సొంత స్థలంలో ఉన్న బండి అక్కడే ఉంటుందన్న నమ్మకం మెట్ట ప్రాంతం వారికి కుదురుతుందేమో కానీ, లంకల్లో గోదావరి వచ్చిన రోజున ప్రతి బండీ రోడ్డెక్కవలసిందే.

ఇంకొక విషయం. మా పక్కింటి వారు కారును కదపలేకపోయారు. నీరు తీశాక చూస్తే సీట్ల మీద జానెడు ఒండ్రు పేరుకుంది. వారికి థర్డ్ పార్టీ పాలసీ ఉంది కానీ, అది ఎదుటివారి నష్టానికే గాని సొంత బండికి పనిచేయదు కాబట్టి పైసా రాలేదు. వరదకు పరిహారం కావాలంటే ఓన్ డ్యామేజీ భాగం కూడా ఉన్న పాలసీ తీసుకోవాలి. అది ఉన్నా, మునిగిన ఇంజనును స్టార్టు చేసి చూశారంటే, ఆ తరువాతి నష్టం మీ చేతులారా చేసుకున్నదని కంపెనీ పేచీ పెడుతుంది. తాళంచెవి తిప్పకుండా లాగించి మరమ్మతు షెడ్డుకు చేర్చాలి.

జవాబు – కోవెంట్రీ కోనసీమ

మీ చెల్లెలు గారు చెప్పింది ఇక్కడి సంగతి. బ్రిటన్‌లో 2011 నుంచి, బండి రోడ్డెక్కడం లేదని ప్రభుత్వానికి ముందుగా ప్రకటన ఇస్తే తప్ప, నిలిపి ఉంచిన వాహనానికి కూడా పాలసీ ఉండాలి. ఆ ప్రకటనను ఇక్కడ సోర్న్ అంటారు. యూరప్‌లో చర్చ ఇంకా దూరం వెళ్లింది. స్లొవేనియాలో ఒక రైతు కొట్టాంలో అటక మీదికి గడ్డిమోపులు ఎక్కిస్తుండగా, వెనక్కి వస్తున్న ట్రాక్టరు ట్రక్కు నిచ్చెనకు తగిలి, దాని మీదున్న మనిషి పడిపోయాడు. ప్రైవేటు స్థలంలోనైనా అది వాహన వినియోగమేనని యూరప్ న్యాయస్థానం 2014లో తేల్చింది. బ్రిటన్ 2022లో చట్టం చేసి ఆ తీర్పు ప్రభావాన్ని తొలగించుకుంది. మన దేశపు చట్టానికి వీటితో సంబంధం లేదు గానీ, గడ్డిమేటు దగ్గర ట్రాక్టరు వెనక్కి తీసే దృశ్యం మన కళ్లాల్లో చూడనిది కాదు.

జవాబు – పాలసీమిత్ర

నేను ఏజెంటును కాబట్టి నా మాటను కొంత తగ్గించుకుని వినండి. కారు ఇంకా నాన్నగారి పేరున ఉంటే ఫారం 31తో ఆర్‌సీ మీ పేరుకు గానీ అమ్మగారి పేరుకు గానీ మార్పించండి. చనిపోయినవారి పేరున పాలసీ కొనసాగిస్తే క్లెయిము వేళ చిక్కు వస్తుంది. ఆర్‌సీ మార్పుకు ఉన్న మూడు నెలల గడువు దాటింది కనుక ఆలస్య రుసుము పడవచ్చు. నాన్నగారికి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు దొరికే ప్రీమియం రాయితీ) ఉంటే అది వారసులకు వస్తుంది కానీ, పాలసీ ముగిసిన 90 రోజుల్లోగా, అంటే సెప్టెంబరు 18లోగా, కొత్త పాలసీ తీసుకోకపోతే పోతుంది. 50 శాతం దాకా ఉండే రాయితీ అది. 2022 జూన్‌లో వచ్చిన పట్టిక ప్రకారం మీ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, దాని మీద పన్ను అదనం. ఓన్ డ్యామేజీ కూడా కావాలంటే, మధ్యలో ఖాళీ వచ్చింది కనుక బండిని తనిఖీ చేస్తారు. ఆ రోజున టార్పాలిన్ తీయించి, కడిగించి ఉంచండి.

లంకతోట

అందరికీ కృతజ్ఞతలు. గట్టు మీద సంగతి చదివాక అమ్మకు ఫోను చేస్తే, 1986 వరదలో మా పాక చూరు దాకా నీళ్లు వచ్చాయని గుర్తు చేసింది. శనివారం వెళ్లి ఫారం 31 కాగితాలు కట్టి, తాళంచెవి తెచ్చుకుంటాను. సెప్టెంబరు 18లోగా వరద నష్టానికి కూడా వర్తించే పాలసీ తీసుకుంటాను. ఈలోగా నీరు పెరిగితే బండిని ఎవరూ నడపనవసరం లేకుండా, తాడు కట్టి గట్టు మీదికి లాగడానికి పక్క తోట ట్రాక్టరు ఆయనతో మాట్లాడి ఉంచాను.

కోర్టుపక్షి

ఆ ట్రాక్టరుకు పాలసీ ఉందో లేదో కూడా కనుక్కోండి.